ఏడుగురు మాచక్కలు

పగడేటికి ఆవల, ఏడు మిట్టలూ మూడు ముళ్ల అడవులూ దాటిన తరువాత, తోమిన ఇత్తడి బిందెలా ఎండకు మెరుస్తూ నీడలేని కొండ నిలిచి ఉంది. దాని మీద చెట్లున్నాయి, చెట్లకు కొమ్మలున్నాయి, కొమ్మల మీద ఎర్రముక్కు చిలకలున్నాయి. నీడ మాత్రం ఒక్కదానికీ లేదు. మాంత్రికుడు కాకోళుడు ఆ కొండను పట్టుకున్న నాడే అక్కడి నీడలన్నింటినీ చాపల్లా చుట్టి తన గుహలో దాచుకున్నాడని చుట్టుపక్కల గొల్లలు చెప్పుకుంటారు.

మిట్టమధ్యాహ్నం వేళ ఆ కొండ దారిన, నెత్తిన నిమ్మకాయల గంపతో ఒక మనిషి ఎక్కుతున్నాడు. ముఖానికి అతికించుకున్న మేకవెంట్రుకల గడ్డం చెమటకు జారుతుంటే అడుగడుగునా నొక్కుకుంటున్నాడు. అతడే తిప్పన. రత్నగోపురం అనే ఊరిలో, గుడ్డ తెరల మీద దేవుళ్ల కథలు గీసే చిత్రకారుడు.

మూడు నెలల కిందట అతని అక్క మాచమ్మ ఏటి ఒడ్డున ఎర్రరంగు కాగు దగ్గర నిలబడి కట్టెలు ఎగదోస్తుండగా, కాకోళుడు గద్ద రూపంలో దిగివచ్చి ఆమెనూ, ఆమె పక్కనున్న నల్లమషి కుండనూ కలిపి ఎత్తుకుపోయాడు. తల్లి పోయిన నాటి నుంచి తిప్పనను పెంచింది ఆ అక్కే. గీత తమ్ముడిది, రంగు అక్కది. ఇద్దరి చేతులూ పడితే తప్ప ఒక్క తెరా పూర్తయ్యేది కాదు. ఈ మూడు నెలల్లో తిప్పన గీసిన దేవతలందరూ రంగు పడక, వితంతువుల్లా వెలవెలబోతూ ఇంటి మూలన చుట్టచుట్టుకుని ఉన్నారు. అక్కను తెచ్చుకోవాలి, లేదా అక్కడే తానూ ఉండిపోవాలి. మూడో ఆలోచన అతనికి లేదు.

కాకోళుడి పూజలకు రోజూ గంపెడు నిమ్మకాయలు కావాలని, నిమ్మకాయలవాడిని ఎవరూ ఆపరని ఒక గొల్లవాడు చెప్పినందువల్లనే ఈ వేషం.

కొండ సగం ఎక్కేసరికి తిప్పనకు ఒక సంగతి తెలిసివచ్చింది. నీడ లేని చోట కన్ను గుడ్డిదే. ఏది గుంటో, ఏది గుట్టో తెలియడం లేదు. అంతా ఒకే చదును, పిండి ఆరబోసిన గుడ్డలాగా. రెండుసార్లు మోకాళ్లు కొట్టుకున్నాయి. "వెలుగే లోకాన్ని చూపిస్తుందనుకున్నానే! సగం పని నీడది కదా స్వామీ, ఇన్నాళ్లూ దానికి ఒక్క దణ్ణమైనా పెట్టలేదు" అనుకున్నాడు. ఎదుట దారి నున్నగా సాగిపోతోంది. ఎందుకో మనసు ఒప్పక, గంపలోంచి ఒక నిమ్మకాయ తీసి ముందుకు దొర్లించాడు. అది నాలుగు బారలు దొర్లి, నున్నటి నేల మధ్యలో చటుక్కున మాయమైంది. ఎంతోసేపటికి పాతాళంలోంచి అన్నట్టు 'టప్పు'మని చప్పుడు వినిపించింది.

అది దారి కాదు, అగాధం!

తిప్పన రెండడుగులు వెనక్కు వేశాడు. అక్కడి నుంచి ఒక్కొక్క నిమ్మకాయనే ముందు నడిపించుకుంటూ, దొర్లిన చోట అడుగు వేస్తూ, పద్దెనిమిది కాయల ఖర్చుతో గుహ ముంగిటికి చేరాడు.

గుహ ద్వారానికి అడ్డంగా ఒక బండరాయి మీద కోరలమ్మ కూర్చుని ఉంది. ఆమె కాకోళుడి కావలి రాక్షసి. తాటిమొద్దుల్లాంటి చేతులు, చింతకాయల్లా వంగిన రెండు కోరలు, జడలు కట్టిన జుట్టులో రెండు పిచ్చుకగూళ్లు.

"ఆగరా నిమ్మకాయలోడా! నిన్నటోడు పొట్టిగ ఉండె. నువ్వెవనివి?"

"అతనికి జ్వరం, పెద్దమ్మా. నేను అతని బావమరిదిని."

"మొన్న వచ్చినోడు గూడ బావమరిదినే అన్నడు. ఆ పొట్టోనికి ఎంతమంది పెండ్లాలో!" అంటూ ఆమె గంప అందుకోబోయి, అతని చేయి చూసి చటుక్కున పట్టుకుంది. "ఇవేం గోర్లురా? నిమ్మకాయలు అమ్మేటోని గోర్లు ఇంత నల్లగ ఉంటయా? లోపల గుడ్డ మీద పడి ఉన్న బొమ్మలోళ్ల గోర్లే ఇట్లుంటయి."

తిప్పన నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గడ్డం ఊడి గంపలో పడింది.

"గడ్డం గూడ దిగిపాయె. ఇగ అబద్ధం దేనికి, చెప్పు."

ఉన్నదున్నట్టు చెప్పేశాడు. కోరలమ్మ అతని చేయి వదిలేసింది.

"పెండ్లాల కోసం వచ్చినోళ్లను చూసిన. రాజకుమార్తెల కోసం వచ్చినోళ్లను చూసిన. అక్క కోసం వచ్చినోడివి నువ్వే."

"నన్ను తినేముందు ఒక్కసారి ఆమెను చూడనివ్వు, పెద్దమ్మా."

"ఎవడు తింటడురా నిన్ను? మాంసం మానేసి నాలుగేండ్లాయె. పండ్లన్నీ కదులుతున్నయి." ఆమె గొంతు తగ్గించింది. "నువ్వు బొమ్మలు గీస్తవు గద. నా మొగం నాకు చూపిస్తవా? ఈ కొండ మీద నీడ లేదు, నీళ్లల్ల రూపు పడదు. వచ్చినోడల్లా నన్ను చూసి ఉరుకుతడు. ఏం చూసి ఉరుకుతున్నరో నాకు తెల్వద్దా?"

తిప్పన కాలిన కట్టె ముక్క ఒకటి ఏరుకుని, తెల్లటి బండ ముందు కూర్చున్నాడు. నుదురు గీశాడు. జడలు గీశాడు. కోరల దగ్గరికి వచ్చేసరికి చేయి ఒక్క క్షణం ఆగింది. కొంచెం చిన్నవి చేస్తే? అడిగింది ఆడమనిషి, ముసలిది. సంతోషపడుతుంది, లోపలికి పంపుతుంది. కాని ఆమె అడిగింది పొగడ్త కాదు, తన ముఖం. తన ముఖాన్ని ఎప్పుడూ చూసుకోని మనిషికి మొదటిసారే అబద్ధం చూపిస్తే దేవుడు మెచ్చుతాడా? కోరలు ఉన్నంత పొడవూ గీశాడు, ఎడమదానికి ఉన్న పగులుతో సహా. ఆ తరువాత కళ్లు. బరువు మోసి మోసి అలసిన గేదె కళ్లలాగా పెద్దవి, ఓర్పు గలవి. వాటిని గీయడానికే ఎక్కువసేపు పట్టింది.

కోరలమ్మ ఆ బండ ముందు చతికిలబడింది. పిచ్చుకలు కూడా కిచకిచలు మానేశాయి.

"ఇదా నేను?"

"ఇదే, పెద్దమ్మా."

"కోరలు బాగనే ఉన్నయి గదరా. మరెందుకు ఉరుకుతరు?"

"ఉరికేవాడికి కోరలు తప్ప ఇంకేమీ కనబడవు. ఆగి చూసినవాళ్లు లేరు."

ఆమె ముక్కు ఎగబీల్చి లేచి, ద్వారం నుంచి పక్కకు జరిగింది. "పో. దొర మొసళ్ల మడుగుకు జపానికి పోయిండు. పొద్దు గుంకేటప్పటికి వస్తడు. ఒక్కమాట యాద్ పెట్టుకో. లోపల మనుషులున్నరు, ఉత్త బొమ్మలున్నయి. ఉత్త బొమ్మను ముట్టుకున్నవంటే నువ్వు గూడ గుడ్డ మీది బొమ్మవే. ఏది ఏందో నాకు తెల్వది. నీ గంప నువ్వే పట్టుకపో, లోపల పెట్టు."

తిప్పన నిమ్మకాయల గంపతో గుహలో అడుగుపెట్టాడు.

లోపలి వైభవం చెప్పనలవి కాదు. గుహ గోడలన్నింటినీ ఒకే ఒక తెల్లని తెర చుట్టి ఉంది, ఏనుగుల బారు పట్టేంత పొడవున. దాని మీద మూడు వందల మంది నిలువెత్తు మనుషులు: నెమలిపింఛాల సేనాపతులు, పగడపు పెదవుల నర్తకులు, నీలాల కిరీటాల రాజులు, పసుపు పూసిన పాదాలతో పెళ్లికూతుళ్లు. మాదీఫల రంగు, గోరోజనపు రంగు, గరుడపచ్చ రంగు, పావురం మెడ రంగు. కప్పులో పడమటి వైపున బండిచక్రమంత రంధ్రం. అందులోంచి వెలుగు ఒక్క ధారగా పడి, తెర మీద పాకుతోంది. ప్రతి బొమ్మ చుట్టూ నిగనిగలాడే నల్లటి గీత.

తిప్పన ముక్కు ముందుగా మేల్కొంది. గేదెపాలు, కరక్కాయ రసం. గుడ్డకు పట్టించిన ఆ వాసన అతనికి తన ఇంటి వాసన. ఆ నలుపు సంగతీ తెలిసిపోయింది. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఇరవై ఒక్క రోజులు ఊరితే దిగే కసిమి అనే మషి. అక్క కుండలోది! కాకోళుడు దానితో మనుషుల చుట్టూ గీత గీసి, గుడ్డలో కట్టిపడేస్తున్నాడన్నమాట.

ద్వారానికి దగ్గరలోనే ఒక అప్సరస బొమ్మ. ఎంత అందం! అయితే ఎడమ కనుబొమ సగంలో ఆగిపోయింది. ఆవగింజంత దూరం గీస్తే చాలు, నిండుతుంది. పక్కన గూటిలో వెదురు కలం, మషి చిప్ప. తిప్పన చేయి తనంత తానే కలం మీదికి పోయింది. ఆ కనుబొమను అలా వదిలేసి పోవడం, పిల్ల జడ సగంలో వదిలేసి పోవడం లాంటిది. కలం ముంచాడు కూడా. అప్పుడు అతని చూపు అప్సరస పక్కకు పడింది. అక్కడ వరసగా ఎనిమిది మంది మగవాళ్లు, రకరకాల దేశాల తలపాగాలతో. ఎనిమిది మందీ కుడిచేయి ముందుకు చాచి, మూడు వేళ్లు కలిపి, కలం పట్టుకున్నట్టు నిలబడి ఉన్నారు. ముఖాల్లో ఇప్పుడే తప్పు దిద్దబోతున్న తృప్తి.

తిప్పన కలాన్ని పాము పిల్లను వదిలినట్టు వదిలేశాడు. కాకోళుడికి పామరుల కోసమైతే వేరే వల కావాలేమో. చిత్రకారుల కోసం మాత్రం ఒక్క సగం కనుబొమ చాలు!

ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకునే ముందుకు నడిచాడు. తెర నడుమకు వచ్చేసరికి అడుగు ఆగిపోయింది.

అక్క!

ఎర్రచీర, నల్లటి నిండు జుట్టు, గడ్డం కింద పుట్టుమచ్చ. తనను చూసి నవ్వుతోంది. "అక్కా" అంటూ అడుగు వేశాడు. ఆమె పక్కన మరో అక్క. ఆ పక్కన ఇంకొకతె. ఏడుగురు! ఏడు ఎర్రచీరలు, ఏడు పుట్టుమచ్చలు, ఒక్కటే నవ్వు.

ఒకతెను ముట్టుకోవడానికే అవకాశం. తప్పితే మూడు వందల ఒకటో బొమ్మ తానే.

తిప్పన గంప దించి, వాళ్ల ఎదుట బాసింపట్టు వేసి కూర్చున్నాడు. గీతలు చూశాడు. ఏడింటికీ ఒకటే గీత, ఊపిరి తీసుకోవడానికైనా ఆగని నున్నటి గీత. మనిషి చేతి గీత బరువుగా మొదలవుతుంది, నడుమ సన్నబడుతుంది, వరి ఆకు కొసలా ముగుస్తుంది. ఇందులో అదేమీ లేదు. రంగు చూశాడు. ఏడు చీరలదీ అక్క చేతి ఎరుపే, సందేహం లేదు. మరి ఎలా?

వెలుగుధార కాస్త జరిగింది. అప్పుడు తట్టింది అతనికి. గీసిన బొమ్మకు ఒకే జాము. ఎడమ చెంప మీద వెలుగు పెట్టి గీస్తే, సూర్యుడు ఏ దిక్కున ఉన్నా ఆ వెలుగు అక్కడే ఉంటుంది. ప్రాణమున్న మనిషికి అన్ని జాములూ తగులుతాయి. పొద్దు జరిగే కొద్దీ అసలైన అక్క ముఖం మీద వెలుగూ జరుగుతుంది. చూస్తూ కూర్చుంటే చాలు.

కూర్చున్నాడు. మధ్యాహ్నపు వెలుగు రంగును తినేస్తుంది, సాయంత్రపు వెలుగు రంగుకు అన్నం పెడుతుంది. ఒక్కొక్క రంగూ ఆకలి తీరి కళకళలాడసాగింది. తిప్పన రెప్ప వాల్చలేదు. ఏడు ఎడమ చెంపలు మెరుస్తున్నాయి. జాము గడిచింది. ఏడు ఎడమ చెంపలే మెరుస్తున్నాయి. రంధ్రంలో కనిపించే ఆకాశం పచ్చబడింది. ఏడింటిలో ఒక్కదాని మీదా వెలుగు కదల్లేదు.

ఏడూ ఉత్త బొమ్మలే.

"సూర్యనారాయణా! ఇంత దూరం తెచ్చి ఇదా చూపించావు?" కళ్లలో నీళ్లు తిరిగాయి. తల పక్కకు తిప్పుకున్నాడు. తుడుచుకుంటున్న కంటి కొసకు, దూరంగా, తెర అడుగున ఒక మూల ఏదో బంగారంలా మెరిసింది.

వచ్చినప్పుడు దాన్ని చూశాడు, చూసి వదిలేశాడు. రంగు వేయని ఖాళీ గుడ్డ అనుకున్నాడు. అప్పుడది బూడిదలా ఉంది. ఇప్పుడు పసుపునీళ్లలో ముంచినట్టుంది. చూస్తుండగానే కుంకుమ కలిసినట్టవుతోంది. తెల్లచీర! తెల్లచీర కట్టుకున్న ఒక ముసలమ్మ, అటు తిరిగి, వీపు చూపిస్తూ నిలబడి ఉంది. జుట్టు దూదిలా నెరిసింది. గుహలో మిగతా రంగులన్నీ ఎవరి జాములో వారు నిలిచిపోతే, ఏ రంగూ లేని ఆ చీర ఒక్కటే ప్రతి జామునూ పట్టుకుంటోంది.

తిప్పన దగ్గరికి వెళ్లాడు. అక్కకు తెల్ల జుట్టు లేదు. ఇంత వంగిన వీపూ లేదు. కాని ఆ నిలబడడం! బరువంతా కుడికాలి మీద, ఎడమ మడమ కొంచెం లేచి, తల వాలుగా పక్కకు. కాగు దగ్గర ముప్ఫై ఏళ్లు నిలబడ్డ మనిషి పొగ కళ్లలో పడకుండా నిలబడే తీరు అది. అక్క ముఖాన్ని ఎంతమంది దేవతలకు పెట్టాడో లెక్కలేదు. ఆ వీపును మాత్రం ఒక్కనాడూ గీయలేదు. అన్నం పెట్టడానికి వంగింది ఆ వీపే, జ్వరమొస్తే మోసింది ఆ వీపే. ఎరుపు కోసం, నవ్వు కోసం వెతికాడు. తన మనసులో గీసి పెట్టుకున్న అక్క కోసం వెతికాడు గాని, ఉన్న అక్క కోసం వెతకలేదు. కాకోళుడికి కావలసిందీ అదే. ఒక్క అక్కలోని ఎరుపునూ, నలుపునూ పిండి, ఏడుగురికి పంచాడు.

"నువ్వే" అన్నాడు తిప్పన. సాహసించి, ఆ నల్లటి గీత మీద వేలు పెట్టాడు.

ఏమీ కాలేదు. వేలి కింద గుడ్డ వెచ్చగా ఉంది.

ఇక ఆలస్యం చేయలేదు. గంపను కుమ్మరించాడు. తప్పు పడిన కసిమి గీతను నిమ్మరసంతో తీసేయవచ్చని అద్దకంవాళ్ల ఇళ్లలో పసిపిల్లకైనా తెలుసు. మంత్రాల కోసం గంపలకొద్దీ నిమ్మకాయలు తెప్పించుకునే మాంత్రికుడికి మాత్రం ఆ సంగతి తెలియదు! కాయలను పంటితో కొరికి, గీత మీద పిండి, బొటనవేలితో రుద్దసాగాడు. నలుపు గోధుమరంగైంది, గోధుమ పసుపైంది, పసుపు పోయింది. తల చుట్టూ గీత పోగానే ఆ తల ఇటు తిరిగింది.

"ఒరేయ్ తిప్పా, అంత మోటుగా రుద్దుతావేంరా? నేనేమన్నా దుప్పటినా?"

తిప్పన ఏడవబోయి నవ్వాడు. "మూడు నెలలకు దొరికావు, మొదటి మాట తిట్టేనా అక్కా?"

"గడ్డం జిగురు ముఖమంతా పూసుకుని వచ్చావు, ఇంకేమనాలి? తిన్నావా?"

"ఏం తినను? నిమ్మకాయలా?"

"నవ్వులాట తరువాత. భుజం దగ్గర పిండు. గీత మీదే పిండు, పారబోయకు. ఏడుగురి దగ్గర ఎంతసేపు కూర్చున్నావురా! వీపు మీద నీ చూపు ఎప్పుడు పడుతుందా అని చచ్చాను."

"తెలుసుకోలేకపోయాను, అక్కా."

"సరేలే. రంగు పోయినదాన్ని ఎవరు గుర్తుపడతారు? నువ్వు పట్టావు, చాలు."

భుజాలు విడిపడ్డాయి, చేతులు విడిపడ్డాయి. తిప్పన పగిలిన వేళ్ల సందుల్లో నిమ్మరసం నిప్పులా మండుతోంది. రుద్దుతూనే తిప్పన ఆలోచనలో పడ్డాడు. దేవుడు చేసిన ఏ వస్తువుకూ చుట్టూ గీత లేదు. మామిడిపండు పసుపు ఎక్కడ ఆగితే అక్కడే ఆకాశపు నీలం మొదలవుతుంది. నడుమ కంచె లేదు. గీత మనిషి పెట్టుకున్నది. చుట్టూ చేయి వేసి దగ్గరికి తీసుకున్నట్టు పెట్టుకున్నాడా, పారిపోకుండా కట్టేసినట్టు పెట్టుకున్నాడా? ఇన్నేళ్లు గీసిన తన గీతలు ఏ జాతివో!

"ఏమిటా పరధ్యానం? మోకాళ్లు!" అంది అక్క.

మోకాళ్లు అయ్యాయి. కుడిపాదం అయింది. ఎడమ మడమ దగ్గరికి వచ్చేసరికి చేయి నేల తడిమింది. ఒక్కటే కాయ మిగిలింది, అదీ ఎండిన కాయ. బయట ఎర్రముక్కు చిలకలు ఒక్కసారిగా అరుస్తూ లేచాయి. గుహలో ఎరుపులన్నీ నల్లబడ్డాయి. పొద్దు గుంకేటప్పుడు ముందు చచ్చేది ఎరుపే. ద్వారం దగ్గర ఎముకల గజ్జెలు గల్లుమన్నాయి.

"ఎవడురా నా తెర మీద పులుపు చల్లింది?"

కాకోళుడు! బుర్రమీసాలు, కాకిరెక్కల అంగీ, నడుముకు కసిమి నింపిన కొమ్ము, చేతిలో బారెడు కలం. విడిపడ్డ మాచమ్మను చూసి నిర్ఘాంతపోయాడు. తరువాత పకపకా నవ్వాడు.

"సరిగ్గా పోల్చుకున్నావు, అబ్బీ! కాని మడమ మిగిలింది కదూ? పాదం నాదైతే మనిషి నాదే. అక్కాతమ్ముళ్లను ఒకే గీతలో పెడతాను. తృప్తేనా?"

"నిన్నెవడు అడిగాడురా పిండాకూడు! మా కుండ దొంగిలించి మా మీదే గీస్తావా?" అని మాచమ్మ కేకలేసింది. "మషి ఊరబెట్టడం చేతకాని వెధవ!"

ఆ మాట కాకోళుడికి ఎక్కడో గుచ్చుకుంది. అతడు పళ్లు కొరుకుతూ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలో తిప్పన ఎండునిమ్మకాయను పిడికిట నలిపి, దాని కడపటి చుక్కను మడమ గీత మీద జారవిడిచాడు. నువ్వుగింజంత మేర గీత కరిగింది. తెగింది!

కాకోళుడు కలం చాచి తెగిన చోటికి దూకాడు. ఒక్క చుక్క పడితే కొసలు మళ్లీ అతుక్కుంటాయి.

"కొస పట్టుకో! నీ వైపు కొస పట్టుకుని లాగు!" అరిచింది మాచమ్మ.

ముప్ఫై ఏళ్లుగా గీత తప్ప ఇంకేమీ పట్టని తిప్పన నల్లటి గోరు, తడి మషిలో మునిగి ఒక కొసను ఒడిసిపట్టింది. తిప్పన వేలితో తెర అంచు దాకా గీశాడు, అంచు దాటి రాతినేల మీదికి గీశాడు. గీత తెగలేదు. సాలెపురుగు దారంలా వేలి వెంట సాగివచ్చింది. మాచమ్మ మడమ గుడ్డలోంచి ఊడి, ఆమె ముందుకు తూలి తమ్ముడి భుజాన పడింది. కాకోళుడి కలం రెండో కొస మీద దిగింది. అదీ అతని చేతికి అంటుకుని సాగింది!

"రెండు కొసలూ కలవకూడదురా. కలిసినాయా, నడుమ ఉన్నవాళ్లం ఇద్దరం లోపలే! నువ్వు గీయడం ఆపావా, వాడు కలిపేస్తాడు!" అంది మాచమ్మ.

తిప్పన అక్కను వీపున వేసుకున్నాడు. వంగి, నేల మీద వేలితో గీస్తూనే ద్వారం వైపు పరుగు తీశాడు. వెనుక కాకోళుడు కలంతో గీస్తూ, చుట్టు తిరిగి ముందుకు వచ్చి కొస కలపాలని తరుముకొస్తున్నాడు.

"కోరలమ్మా! పట్టుకో వాళ్లను!" అని గుహ అదిరేలా అరిచాడు.

కోరలమ్మ బండ మీది నుంచి లేచింది, రెండడుగులు వేసింది, దారికి అడ్డంగా కూలబడింది. "అయ్యో దొరా, కాలు మడత పడ్డది! నాలుగేండ్లాయె మాంసం లేక, బలమేడిది?" కాకోళుడు ఆమె తొడ తట్టుకుని బోర్లా పడ్డాడు. కలం మాత్రం వదల్లేదు. పడ్డచోటి నుంచే గీస్తూ లేచాడు.

కొండ కింద, ముళ్ల అడవులకు ఆవల దూరాన పగడేరు సంధ్యాకాంతిలో కరిగిన రాగిలా పారుతోంది. నీడలేని నేల మీద గుంటేదో గట్టేదో తెలియదు. చేతిలో దొర్లించడానికి కాయ ఒక్కటీ లేదు. తిప్పన వేలి గోరు అరిగి నెత్తురు చిమ్మింది. నల్లటి గీతలో ఎర్రటి జీర కలిసింది. వీపు మీది అక్క చీర అంచుకు ఆ ఎరుపు పాకడం అతనికి తెలియలేదు. ఆమె మాత్రం చూసింది.

"అక్కా, వేలు పోతోంది. ఎక్కడ ఆపను?"

మాచమ్మ అతని మెడ చుట్టూ చేతులు బిగించింది. తెల్లబడ్డ ఆమె వేళ్ల కొసల్లో కొంచెం రంగు పుట్టింది.

"గీత బాగా కుదిరినప్పుడల్లా ఇదే అడిగేవాడివి, ఎక్కడ ఆపను అని. ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని. ఇవాళ చెప్పను. ఆపకురా, నాయనా! ఏరు దాటినా ఆపకు!"

ముందు నేల ఉన్నదో, అగాధమే ఉన్నదో కనబడని చోటికి తిప్పన గీత గీస్తూ దూకాడు.